ఒక్క అక్షరం మారితే

హెచ్‌ఐవీ జీనోటైప్ రిపోర్టు మొదటిసారి చూసినవాళ్ళకి ఒక్క ముక్క అర్థం కాదు. పైన నమూనా నంబరు, రక్తం తీసిన తేదీ ఉంటాయి. కింద ఒకవైపు మందుల పేర్లు, వాటికెదురుగా ఆ మందు పనిచేస్తుందా, అరకొరగా చేస్తుందా, అసలు చేయదా అన్న తీర్పు. మధ్యలో ‘ఎమ్ 184 వి’, ‘కె 103 ఎన్’ వంటి గుర్తులు. ఇరవై రెండేళ్ళ కుర్రాడు రేపటి నుంచి ఏ మాత్ర వేసుకుంటే బతికి బట్టకడతాడో ఆ గుర్తులే చెబుతాయి. మనుషులు చేసిన నాజూకైన పనుల్లో నచ్చినవి ఏరి పెట్టమంటే, నేను బొబ్బిలి వీణ పక్కన ఈ కాగితాన్ని కూడా పెడతాను.

గుర్తు చదవడం కష్టమేమీ కాదు. ఎమ్ అంటే మెథియొనిన్, వి అంటే వాలిన్. రెండూ ప్రోటీన్లను కట్టే అమైనో ఆమ్లాలు. వైరస్ తనను తాను నకలు చేసుకోవడానికి వాడే రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేస్ అనే ఎంజైములో 184వ చోట మెథియొనిన్ ఉండాలి. అక్కడ వాలిన్ వచ్చి కూర్చుంది. జన్యువులో చూస్తే ఏ-టీ-జీ అని ఉండాల్సిన మూడక్షరాలు జీ-టీ-జీ అయ్యాయి. మొత్తం 9,700 అక్షరాల వైరస్‌లో మారింది ఒక్కటి. ఆ ఒక్కదానితోనే లామివుడిన్ అనే మందు పట్టు తప్పుతుంది.

ఆ ఒక్క అక్షరాన్ని పట్టుకునే పని ఎలా సాగుతుందో దగ్గరనుంచి చూడాలి. రక్తం గొట్టాన్ని యంత్రంలో గిర్రున తిప్పి ప్లాస్మా వేరుచేస్తారు. అందులోని వైరస్ పొర విప్పి ఆర్‌ఎన్‌ఏ బయటకు తీస్తారు. ఇది మహా సుకుమారం. ఆలస్యం చేసినా, చల్లదనం తగ్గినా చెడిపోతుంది. అందుకని దాన్ని వెంటనే గట్టి డీఎన్‌ఏగా మార్చుకోవాలి. ఆ మార్పిడికి వాడే పనిముట్టు కూడా రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేసే, కాకపోతే వేరే వైరస్‌ల నుంచి తెచ్చుకున్నది. ఏ ఎంజైమును అణచడానికి ఇన్ని మందులు కనిపెట్టారో, అదే రకం ఎంజైము చేత ఇక్కడ చాకిరీ చేయిస్తారు. 1970లో శాస్త్రవేత్తలు టెమిన్, బాల్టిమోర్ విడివిడిగా దాన్ని కనిపెట్టకపోతే ఈ పరీక్షే లేదు.

తర్వాత పీసీఆర్‌తో ఆ ముక్కను కోట్ల కాపీలు చేసి సీక్వెన్సర్‌కి ఎక్కిస్తారు. తెరమీద నాలుగు రంగుల గీతలు కొండల్లా లేచి పడుతూ వస్తాయి. ఏ ఆకుపచ్చ, సీ నీలం, జీ నలుపు, టీ ఎరుపు. ఒక్కో శిఖరం ఒక్కో అక్షరం. చాలాదూరం యంత్రమే చదివేస్తుంది. మనిషి కన్ను కావలసింది రెండు శిఖరాలు ఒకేచోట లేచినప్పుడు. 184వ స్థానం మొదటి అక్షరం దగ్గర పెద్ద ఆకుపచ్చ శిఖరం ఉంది. దాని అడుగున పొట్టిగా నల్లది తొంగిచూస్తోంది. అది యంత్రం పొరపాటా, నిజంగా మారిన వైరస్ కొంత ఉందా? నిజమైతే ఆ ఒంట్లో పాత వైరస్, మందుకు లొంగని కొత్త వైరస్ రెండూ కలిసి తిరుగుతున్నట్టు. మారిన వైరస్ మొత్తంలో 15 నుంచి 20 శాతం దాకా ఉంటే తప్ప ఈ పద్ధతికి చిక్కదు. ఆ అంచున ఉన్న పొట్టి శిఖరాన్ని వదిలేస్తే రోగికి పనికిరాని మాత్ర వెళుతుంది. లేనిదాన్ని ఉందంటే మంచి మందు చేజేతులా పోగొట్టుకున్నట్టు. టెక్నీషియన్ అదే ముక్కను రెండో వైపు నుంచి మళ్ళీ చదివించి, రెండుసార్లూ ఒకటే వస్తేనే ఒప్పుకుంటారు.

నాకు అన్నిటికన్నా నచ్చేది ఇంకొకటుంది. మంచి ల్యాబులో కొత్త నమూనా చదివాక, దాన్ని తమ దగ్గరున్న పాత నమూనాలన్నిటితో పోల్చి చూస్తారు. రెండు మరీ ఒకేలా ఉంటే ముందు తమ బల్లనే అనుమానిస్తారు. ఒక గొట్టంలోది ఇంకో గొట్టంలో ఒలికిందేమో, లేబుల్ తారుమారైందేమో అని వెతుకుతారు. పీసీఆర్‌కి ముందు పనులకు ఒక గది, తర్వాత పనులకు వేరే గది. ఆ గది కోటు ఈ గదిలోకి రాదు. ఎదుటివాడిని శంకించేముందు తన చేతిని శంకించడం ఎంతమంది పనివాళ్ళలో చూస్తాం?

వైరస్ ఇన్ని రూపాలు ఎందుకు మారుస్తుంది? దానికి ప్రూఫులు దిద్దేవాడు లేడు. మన కణాలు డీఎన్‌ఏ నకలు తీసేటప్పుడు తప్పు కనిపిస్తే కొట్టేసి మళ్ళీ రాసుకుంటాయి. రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేస్ కంపోజ్ చేసింది చేసినట్టు అచ్చుకి పంపేస్తుంది. వైద్యం అందని మనిషి ఒంట్లో రోజుకు సుమారు వెయ్యి కోట్ల వైరస్ కణాలు పుడతాయని 1996లో లెక్కకట్టారు. ఇన్ని కాపీల్లో అచ్చుతప్పులన్నీ ఏదో ఒకదాంట్లో పడే ఉంటాయి. చాలా తప్పులు వైరస్‌నే చంపేస్తాయి. ఏ ఒక్కటో, మందు ఉన్నచోట, దానికి వరమవుతుంది. మొదటి మందు ఏజెడ్‌టీకి అమెరికాలో 1987 మార్చిలో అనుమతి వచ్చింది. రెండేళ్ళకే, 1989లో, దానికి లొంగని వైరస్‌లు దొరికాయని లార్డర్, డార్బీ, రిచ్‌మన్ ప్రకటించారు. ఒకే వైరస్ ఒకేసారి మూడు మందులనూ తప్పించుకునే తప్పులు చేయడం కష్టం గనక, 1996 నుంచి మూడు మందులు కలిపి ఇవ్వడం మొదలైంది.

ఇక ఈ మార్పుల గుణాలు. 184 దగ్గర మార్పు వైరస్‌కి లామివుడిన్ నుంచి రక్షణ ఇస్తుంది గాని దాన్ని నీరసపరుస్తుంది. మందు ఆపేస్తే కొన్ని వారాల్లో బలమైన పాత వైరస్ పైకొచ్చి దీన్ని కప్పేస్తుంది. పోయిందనుకుంటాం, కణాల అడుగున దాక్కునే ఉంటుంది. అందుకే మందు పనిచేయడం లేదనిపించినప్పుడు, మాత్రలు వేసుకుంటూ ఉండగానే రక్తం తీయాలి. 103 దగ్గర మార్పు తీరు వేరు. ఎఫవిరెంజ్, నెవిరపిన్ అనే రెండు మందులనూ పనికిరాకుండా చేస్తుంది, వైరస్‌కి పెద్ద నష్టం కలిగించదు. మందు లేకపోయినా ఏళ్ళ తరబడి అలాగే ఉండి, ఒకరి నుంచి ఇంకొకరికి దర్జాగా పోతుంది.

215 దగ్గర కనిపించేది చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. ఏజెడ్‌టీ రోజుల్లో వైరస్ అక్కడ థ్రియొనిన్ తీసి టైరొసిన్ పెట్టుకునేది. ఆ వైరస్ మందు వాడని కొత్త మనిషిలోకి వెళ్ళాక వెనక్కి మళ్ళుతుంది గాని పూర్తిగా కాదు. సెరిన్ దగ్గరో, యాస్పార్టిక్ ఆమ్లం దగ్గరో ఆగిపోతుంది. రిపోర్టులో 215 ఎదురుగా ఆ అక్షరం కనబడితే, ఈ వైరస్ పూర్వీకుల్లో ఎవరో ఎక్కడో ఏజెడ్‌టీ రుచి చూశారని అర్థం. ఒక్క మాత్రా మింగని కుర్రాడి నెత్తురులో, తను ఎన్నడూ చూడని మనిషి వాడిన మందు చరిత్ర ఉంటుంది. వైద్యం మొదలుపెట్టకముందే ఈ పరీక్ష చేయించాలనడం అందుకే.

చదివిన అక్షరాలను తీర్పుగా మార్చేది మరో పనితనం. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ షేఫర్ బృందం 1998 నుంచి నడుపుతున్న హెచ్‌ఐవీ డేటాబేస్ ప్రపంచమంతటికీ ఉచితం. ప్రతి మార్పుకీ ప్రతి మందు మీదా ఒక మార్కు. మొత్తం 60 గాని అంతకుమించి గాని అయితే ఆ మందు దాదాపు వ్యర్థం. పదిలోపు ఉంటే భేషుగ్గా పనిచేస్తుంది. 184 మార్పుకి లామివుడిన్ మీద 60 వేస్తారు. అదే మార్పుకి టెనోఫోవిర్ అనే మందు మీద వేసేది మైనస్ 10, ఎందుకంటే ఈ మార్పు వైరస్‌ని టెనోఫోవిర్‌కి ఇంకాస్త లొంగదీస్తుంది. శత్రువు ఒక తలుపు మూస్తూ ఇంకోటి తెరిచాడని గమనించి, ఆ లాభాన్ని కూడా లెక్కలో రాసిపెట్టిన ఆ నిజాయితీ చూడండి.

ఇలా ఓపిగ్గా చదవడం ఏం బయటపెడుతుందో చెప్పడానికి ఇప్పుడు సింగపూర్ సంగతి. అక్కడ మొదటి హెచ్‌ఐవీ కేసులు 1985లో బయటపడ్డాయి. ఆగ్నేయాసియాలో ఎక్కువగా తిరిగే రకం సీఆర్‌ఎఫ్01_ఏఈ. పాశ్చాత్య దేశాల గే పురుషుల్లో ఎక్కువగా ఉన్నది బీ రకం. టాన్ టాక్ సెంగ్ ఆసుపత్రి వైద్యుడు ఎన్‌జీ ఊన్ టెక్, ఆయన సహచరులు సింగపూర్ నమూనాలను మొదలు నుంచి చివర దాకా చదివి, ఈ రెండూ ఒకే కణంలో కలిసి ముక్కలు మార్చుకోగా పుట్టిన కొత్త రకాన్ని గుర్తించారు. సీఆర్‌ఎఫ్51_01బీ అని పేరు పెట్టి 2012లో ప్రకటించారు. గే, బైసెక్సువల్ పురుషుల మధ్య తిరుగుతున్న రకం అది. ఒక ముక్క చదివి సరిపెట్టుకుని ఉంటే అది ఏఈగానో బీగానో లెక్కలో కలిసిపోయేది. వైరస్ ఎక్కడ అతుకు పడిందో పట్టుకోవాలంటే 9,700 అక్షరాలూ ఓపిగ్గా చదవాల్సిందే.

ఇందులో ఒక ప్రమాదమూ ఉంది. వరసలు పోల్చి వంశవృక్షం గీస్తే ఎవరి వైరస్ ఎవరిదానికి దగ్గరో తెలుస్తుంది. సింగపూర్ అంటువ్యాధుల చట్టం 23వ సెక్షన్ ప్రకారం, తనకు హెచ్‌ఐవీ ఉందని తెలిసినవాడు ఆ మాట ముందే చెప్పి, అవతలివారి సమ్మతి తీసుకోకుండా కలిస్తే నేరం. అలాంటిచోట ఆ వృక్షాన్ని వేలెత్తి చూపడానికి వాడబోతే? పని తెలిసినవాళ్ళు అక్కడే ఆగుతారు. రెండు కొమ్మలు పక్కపక్కన ఉన్నంత మాత్రాన ఒకరి నుంచి ఒకరికి నేరుగా వచ్చిందని కాదు. మధ్యలో పరీక్షకు రాని మూడో మనిషి ఉండవచ్చు. తన పనిముట్టు ఎంతవరకు చెప్పగలదో తెలిసి, అంతకుమించి చెప్పకపోవడమూ పనితనమే. ఆ చట్టం 2024లో కొంత మెత్తబడింది. మందులతో వైరల్ లోడు పరీక్షకు అందనంత తగ్గి, అలాగే నిలిచినవాళ్ళు ముందుగా చెప్పుకోవాల్సిన అవసరం లేకుండా సవరించారు. వాళ్ళ నుంచి వైరస్ అవతలివారికి సోకదని పెద్ద అధ్యయనాలు తేల్చాయి మరి.

అయితే ల్యాబు ఎంత గొప్పదైనా నెత్తురు దాని దాకా రావాలి కదా. లిటిల్ ఇండియా నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో కెలాంటన్ లేన్ అని చిన్న వీధి. అక్కడి డీఎస్‌సీ క్లినిక్‌లో యాక్షన్ ఫర్ ఎయిడ్స్ సంస్థ పేరడగని పరీక్ష నడుపుతూ వచ్చింది. 1988లో పుట్టిన ఈ సంస్థకు చర్మవైద్యుడు రాయ్ చాన్ వ్యవస్థాపక అధ్యక్షుడు. పేరడగని పరీక్ష 1991లో మొదలైంది. దాని అమరికలో ప్రతి మెలికా ఆలోచించి వేసిందే. ఐడీ కార్డు చూపక్కర్లేదు. లోపలికి వచ్చినవాడికి ఒక నంబరు, అంతే. వేళలు కూడా ఆఫీసులు వదిలాక సాయంత్రాలు, శనివారం మధ్యాహ్నాలు, అంటే సెలవు పెట్టి ఎక్కడికని చెప్పుకోవాల్సిన పని లేదు. వేలి చివర చిన్న పోటు, ఇరవై నిమిషాల్లో ఫలితం. ముందొకసారి, తర్వాత ఒకసారి కూర్చోబెట్టి మాట్లాడతారు. చేసేవాళ్ళలో ఎక్కువమంది వాలంటీర్లు. పరీక్షకు రాని వాళ్ళ దగ్గరికి 2011లో పరీక్షే వ్యాను ఎక్కి వెళ్ళింది, గే క్లబ్బుల గుమ్మాల ముందుకు.

ఇదంతా ఏ చట్టం నీడలో చేశారో కూడా చెప్పాలి. పురుషుల మధ్య సంబంధాన్ని నేరమన్న 377ఏ సెక్షన్ 1938లో బ్రిటిష్ వాళ్ళు పెట్టింది. రద్దుకు పార్లమెంటు 2022 నవంబరు 29న ఒప్పుకుంది, 2023 జనవరి 3న అమల్లోకి వచ్చింది. మన దేశంలో అది నేరం కాదని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది 2018 సెప్టెంబరు 6న. అంటే సింగపూర్‌లో ముప్పై ఏళ్ళకు పైగా ఆ వాలంటీర్లు, చట్టం దృష్టిలో నేరస్తులైన వాళ్ళ చేతులు పట్టుకుని వేలిచివర పోటు పొడిచారు. మొదటి రోగులు వచ్చిన రోజుల్లో భయపడకుండా పక్కన కూర్చుని మాట్లాడిన నర్సు ఐరిస్ వర్గీస్ కూడా ఈ కథలో మనిషే. తనకు హెచ్‌ఐవీ ఉందని సింగపూర్‌లో బహిరంగంగా చెప్పిన మొదటివాడు పాడీ చ్యూ, 1998 డిసెంబరులో. మరుసటి ఏడాది నెసెసరీ స్టేజ్ నాటక సంస్థతో కలిసి తన కథను తానే వేదికెక్కి చెప్పి, ఆ ఆగస్టులోనే కన్నుమూశాడు.

అప్పటి మందుల ధర సామాన్యుడి అందుబాటులో లేదు. ప్రభుత్వ సబ్సిడీ లేని కాలంలో చాలామంది బ్యాంకాక్ వెళ్ళి చవక జెనరిక్ మందులు తెచ్చుకునేవారు. టికెట్టుకి డబ్బు సర్దుబాటు కాని నెల మాత్ర ఆగుతుంది. మందుకు లొంగని వైరస్ తయారయ్యేది సరిగ్గా అలాంటి నెలల్లోనే. హెచ్‌ఐవీ మందులకు సబ్సిడీ 2020 సెప్టెంబరు నుంచి వచ్చింది. ఎంత ఆలస్యమో పాఠకులే లెక్కవేసుకోవచ్చు.

నంబరు మీద పరీక్ష చేయించుకున్నవాడు వైద్యంలో చేరాలంటే పేరు చెప్పక తప్పదు. జీనోటైప్ ల్యాబు ఆ గీతకు అవతల ఉంది. ఎంతమంది ఆ గీత దగ్గర ఆగిపోతారో! ఆగినవాళ్ళను పిరికివాళ్ళనలేం. 2019 జనవరి 28న ఆరోగ్య మంత్రిత్వ శాఖ 14,200 మంది హెచ్‌ఐవీ రోగుల వివరాలు బయటికి పొక్కాయని ప్రకటించింది. వాళ్ళలో 5,400 మంది సింగపూర్ వాసులు, 8,800 మంది విదేశీయులు. పేర్లు, ఫోన్ నంబర్లు, చిరునామాలు అన్నీ. రెండు రంగుల శిఖరాలను విడదీయడానికి అంత ఒళ్ళు దగ్గరపెట్టుకున్న దేశం పేర్ల పుస్తకం దాచలేకపోయింది. ఈ లోపం ల్యాబుది కాదు, కానీ ల్యాబుకు రావాల్సిన నెత్తురును ఆపేది ఇదే.

విదేశీయుల లెక్క చూసి మనవాళ్ళు కాస్త ఆలోచించాలి. సింగపూర్‌లో వర్క్ పాస్ మీద ఉన్నవాడికి హెచ్‌ఐవీ అని తేలితే సాధారణంగా పాస్ పోతుంది, ఇంటికి పంపుతారు. కొద్దికాలపు సందర్శకుల మీద నిషేధం 2015 ఏప్రిల్‌లో ఎత్తేశారు గాని, దీర్ఘకాలం ఉండేవాళ్ళకి నిబంధన అలాగే ఉంది. గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో అప్పుచేసి వెళ్ళిన కుర్రాడు, అందులోనూ గే అయితే, ఎన్ని గుట్లు ఒక్కడే మోయాలి? ఊళ్ళో పెళ్ళిసంబంధాలు చూస్తుంటారు. అక్కడ గది పంచుకునేవాళ్ళూ మనవాళ్ళే. ఎవరికి చెబుతాడు? దొంగచాటుగా తెప్పించుకున్న మాత్రలు నాలుగు వారాలు వేసి రెండు వారాలు మానితే, 184 దగ్గర అక్షరం తిరగబడడానికి అంతకన్నా ఏం కావాలి? అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2016లో వేసిన అంచనా ఇదే జాడ చూపిస్తుంది. అప్పటి పరిస్థితే సాగితే నల్లజాతి గే, బైసెక్సువల్ పురుషుల్లో ప్రతి ఇద్దరిలో ఒకరికి, లాటినోల్లో ప్రతి నలుగురిలో ఒకరికి జీవితకాలంలో హెచ్‌ఐవీ సోకుతుందని. వైరస్‌కి ఒంటిరంగు తెలియదు. డాక్టరు దగ్గరికి వెళ్ళే దారి మాత్రం రంగును బట్టి, పాస్‌ను బట్టి పొడుగవుతుంది.

మందుల వైపు మంచికబురుంది, అందులో తెలుగువాళ్ళ చేతిపనీ ఉంది. 2013లో అనుమతి పొందిన డొలుటెగ్రవిర్‌ని తప్పించుకోవడం వైరస్‌కి చాలా కష్టం. దాన్ని టెనోఫోవిర్, లామివుడిన్‌లతో కలిపి ఒకే మాత్రగా ఏడాదికి సుమారు 75 డాలర్లకు ఇస్తామని 2017లో ఒప్పుకున్న రెండు కంపెనీల్లో ఒకటి హైదరాబాదు అరబిందో. హెటిరో, లారస్ వంటి మన కంపెనీలు కూడా ఈ మందుల తయారీలో ప్రపంచానికి పెద్ద ఆధారం. ఆ ఒక్క మాత్ర వల్ల 103 దగ్గరి మార్పుకి చాలావరకు కోరలు ఊడాయి. అలాగని రిపోర్టు అవసరం తీరిపోలేదు. డొలుటెగ్రవిర్ వాడుతున్నా వైరస్ తగ్గనివాళ్ళలో 3.9 నుంచి 8.6 శాతం దాకా దానికీ నిరోధం కనబడిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో చెప్పింది. చదివే చేతులకు ఇంకా చాలాకాలం పని ఉంది.

ఈ జీనోటైప్ పరీక్షకు ఒక పరిమితి ఉంది, దాన్ని చెప్పడం నాకు సంతోషమే. రక్తంలో మిల్లీలీటరుకు కనీసం 500 నుంచి 1,000 వైరస్ కాపీలైనా ఉంటే తప్ప మామూలు జీనోటైప్ కుదరదు. మాత్రలు క్రమం తప్పకుండా వేసుకుంటున్నవాడి నమూనా వస్తే ల్యాబు చేతులెత్తేస్తుంది, చదవడానికి అందులో ఏమీ ఉండదు.

సింగపూర్‌లో ఉన్న మన కుర్రాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. యాక్షన్ ఫర్ ఎయిడ్స్ పేరడగని పరీక్షలో మీ పేరు, పాస్ నంబరు ఎవరూ అడగరు. ఇంటికి తిరిగి వచ్చినవాళ్ళు జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి, ఖర్చు లేదు. ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) కేంద్రాల్లో మందులు ఉచితం. మీ సంగతి మీ అనుమతి లేకుండా బయటపెట్టకూడదని ఇక్కడ 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం చెబుతోంది.